పడవ లేని బోట్ మెయిల్

ఎగ్మూరులో రాత్రి ఎక్కిన రైలు తెల్లవారుతుండగా మండపం దాటి నెమ్మదిస్తుంది. పై బెర్తుల మీంచి జనం ఒక్కొక్కరే దిగి తలుపుల దగ్గర గుమిగూడతారు. ఇంకో నిమిషంలో రైలు కింద నేల ఉండదు. పాంబన్ వంతెన మొదలవుతుంది, అటూ ఇటూ నీళ్లే. పక్క సీటు పెద్దావిడ "రామచంద్రా" అని చేతులు జోడిస్తుంది. కుర్రాడొకడు సెల్‌ఫోన్‌ని కిటికీ ఊచల్లోంచి బయటికి చాపి వీడియో తీస్తుంటాడు. తల్లి వాడి చొక్కా వెనకనుంచి గట్టిగా పట్టుకుని ఉంటుంది.

ఈ బండిని ఇప్పటికీ బోట్ మెయిల్ అనే అంటారు. ఎందుకలా అంటారని అడిగితే పెట్టెలో చాలామంది దగ్గర జవాబు ఉండదు. రైలు కనిపిస్తూనే ఉంది, బోటే లేదు. ఒకప్పుడు ఈ పట్టాలు రామేశ్వరంతో ఆగేవి కావు. ద్వీపం తూర్పు కొస దాకా, ధనుష్కోటి రేవు దాకా వెళ్లేవి. అక్కడ రైలు దిగినవాళ్లు స్టీమరెక్కి దాదాపు 35 కిలోమీటర్ల సముద్రం దాటి సిలోన్‌లోని తలైమన్నార్‌లో దిగేవారు. అక్కడ కొలంబో వెళ్లే రైలు సిద్ధంగా ఉండేది. మద్రాసులో కొన్న ఒకే టికెట్టు మీద రైలు, ఓడ, మళ్లీ రైలు.

ఆ దారి పోయి అరవయ్యేళ్లు దాటింది. ఇప్పుడు మీరు దాన్ని ఫొటోలు పట్టుకుని వెతకబోతున్నారు. సంచిలో ఒక కవరు, కవరులో పాత ఫొటోల నకళ్లు ఉన్నాయి. మొదటిది వంతెన మీద ఉండగానే తీయాలి.

నలుపు తెలుపు బొమ్మ. సముద్రం మధ్యలో వంతెన రెండు ముక్కలై రెక్కలు పైకెత్తి ఉంది. కింద ఓడ వెళ్లేంత దారి. 1914 ఫిబ్రవరి 24న ప్రారంభమైన పాత పాంబన్ వంతెన ఇదే. నడుమ ఉన్న ఆ రెక్కలు షెర్జర్ పద్ధతివి. వాటిని లేపడానికి మోటార్లు లేవు. రెండు వైపులా కూలీలు నిలబడి చేత్తో గేర్లు తిప్పాల్సిందే. ఫొటోని కళ్లకు దగ్గరగా తెచ్చుకుని రెక్క మొదట్లో చూడండి. అంత ఇనుము పక్కన చీమల్లా నాలుగైదు నల్లటి గీతలు కనిపిస్తాయి. అవి మనుషులు. ఫొటో తీసినవాడు వాళ్లను ఉద్దేశించి తీయలేదు, వంతెనను తీశాడు, వాళ్లు అందులో పడ్డారు. వంతెనకు పేరుంది, పద్ధతికి పేరుంది, ప్రారంభించిన తేదీ ఉంది. గేరు తిప్పిన చేతులకు ఈ ఫొటో తప్ప ఇంకే రికార్డూ లేదు.

మీ రైలు వెళ్తున్నది ఆ వంతెన మీద కాదు. పాతదాని మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. కొత్తది 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు మొదలైంది. ఇందులో ఓడ వస్తే 72.5 మీటర్ల ముక్క మొత్తం లిఫ్టులా నిలువుగా పైకి లేస్తుంది. రెక్కలు లేవు, గేర్లు తిప్పే చేతులూ లేవు.

రామేశ్వరంలో దిగుతారు. గుడి చుట్టూ తెలుగు మాటలు గట్టిగానే వినిపిస్తుంటాయి. తీర్థాల బావుల దగ్గర తడి బట్టలతో నిలబడ్డ గుంపుల్లో గుంటూరు వాళ్లుంటారు, నల్గొండ వాళ్లుంటారు. కాశీకి పోయినవాళ్లు రామేశ్వరం రాకపోతే యాత్ర పూర్తి కాదన్నది మన పెద్దల లెక్క. ఇక్కడి సేతువు ఇసుక తీసుకెళ్లి త్రివేణిలో కలపాలి, అక్కణ్ణించి గంగ తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయాలి. ఆ ఇసుక కోసమే మన తాతముత్తాతలు ధనుష్కోటి దాకా పోయేవారు. బెజవాడలో ఎక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగడం, సామాను జట్కాలో వేసుకుని ఎగ్మూరుకు మారడం, అక్కడ సౌత్ ఇండియన్ రైల్వే వారి మీటర్ గేజ్ బండి పట్టుకోవడం. అటు బ్రాడ్ గేజ్, ఇటు మీటర్ గేజ్. ఆ రోజుల్లో కంపెనీలు కూడా వేరు. సెంట్రల్ దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, ఎగ్మూరు నుంచి సౌత్ ఇండియన్ రైల్వే.

ఆటోవాడితో బేరం కుదుర్చుకుంటారు. రోడ్డు ఊరు దాటగానే సన్నబడుతుంది. సరుగుడు తోపులు, తుమ్మ తుప్పలు, వాటి వెనక ఉప్పునీటి మడుగులు. కాసేపటికి అవీ తగ్గిపోయి ఇటొక సముద్రం, అటొక సముద్రం మిగులుతాయి. ఒకవైపు బంగాళాఖాతం నీళ్లు దాదాపు కదలకుండా పడుకుని ఉంటాయి. ఇంకోవైపు మన్నార్ సింధుశాఖ ఒడ్డును కొడుతూనే ఉంటుంది. ఇక్కడివాళ్లు మొదటిదాన్ని ఆడ కడలి, రెండోదాన్ని మగ కడలి అంటారని ఆటో నడిపేవాడు చెప్తాడు. ఈ తారురోడ్డు 2017లో వచ్చింది. అంతకుముందు ఇసుకలో, మడుగుల్లో ఎగిరెగిరి పడుతూ పోయే వ్యాన్లే గతి.

ఈ దారిలో చెప్పుకోవాల్సిన రైలు ముచ్చట ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మెయిలు రామేశ్వరంలో ఆగడం మానేసింది. మద్రాసు నుంచి వచ్చే పత్రికల కట్టలను రామేశ్వరానికీ ధనుష్కోటికీ మధ్య నడుస్తున్న బండిలోంచే విసిరేసేవారు. వాటిని పట్టుకోవడానికి పత్రికల ఏజెంటైన, తనకు వరసకు అన్న అయ్యే షంషుద్దీన్‌కి ఒక పిల్లవాడు సాయం పోయేవాడు. తొలి సంపాదన అదేనని ఆ పిల్లవాడు పెద్దయ్యాక రాసుకున్నాడు. ఆయన అబ్దుల్ కలాం. ఆ పత్రికల కట్ట గాల్లో ఉండగా తీసిన ఫొటో మన దగ్గర లేదు. ఆయన మాట ఉంది కాబట్టి ఆ దృశ్యం ఉంది. కవరులో ఉన్న ఫొటోలది సరిగ్గా దీనికి తలకిందుల బాధ. దృశ్యాలున్నాయి, వాటి గురించి మాట్లాడేవాళ్లే లేరు.

ఆటో ఆగుతుంది. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. గవ్వల దండలు, శంఖాలు, వేయించిన చేపలు అమ్మే పాకలు రోడ్డు పక్కన వరుసగా ఉన్నాయి. వాటి వెనక ఇసుకలో మొండి గోడలు. పైకప్పు లేని చర్చి ముందు కొత్త జంటలు ఫొటోలు దిగుతున్నాయి. కాస్త ఇవతల రైల్వే స్టేషను తాలూకు గోడలు, నీళ్ల ట్యాంకు కట్టడం. గోడకు దగ్గరగా వెళ్లండి. ఇటుక అనుకున్నది ఇటుక కాదు. పగడపు రాయి. సముద్రంలోంచి తవ్వి, దిమ్మలుగా కోసి కట్టారు. వేలు పెట్టి తడిమితే నక్షత్రాల్లాంటి చిన్న చిన్న గుంటలు తగులుతాయి, ఒకప్పుడు ప్రాణమున్న పురుగుల ఇళ్లు అవి. సున్నం రాలిపోయిన చోట గాలికి రాయి గరుకుదేలి, గోరు తగిలితే పొడి రాలుతుంది. గోడలు ఏటేటా ఇలాగే కొంచెం కొంచెం అరుగుతున్నాయి. ఇంకొన్నేళ్లకు ఈ స్టేషను ఎక్కడుండేదో చెప్పడానికి ఫొటోనే దిక్కు.

ఇప్పుడు కవరులోంచి రెండోది తీయండి. రేవు ఫొటో. ఇలాంటివి పోస్టుకార్డుల మీద కూడా అచ్చయ్యేవి. ఇటు రైలు పెట్టెల వరస, అటు స్టీమరు, నడుమ జనం. ఇసుకలో నిలబడి బొమ్మను సముద్రానికి ఎదురుగా పట్టుకోండి. కాసేపు ఈ పాకల్నీ ఆటోల్నీ మరిచిపోండి.

బండి రేవు మీదికి వచ్చి ఆగుతుంది. ఇంజను ఆవిరి వదిలిన చప్పుడుకి చంటిపిల్లలు ఉలిక్కిపడతారు. ఎర్ర తలపాగా కూలీలో, తెల్ల తుండుగుడ్డల కూలీలో చెప్పలేం, నలుపు తెలుపులో రంగు తెలీదు. ట్రంకు పెట్టెలు తలల మీదికి ఎక్కుతాయి. తపాలా సంచులు దిగుతాయి, ఈ బండికి మెయిల్ అన్న పేరు తెచ్చినవి అవే. టోపీ పెట్టుకున్న దొర ఒకడు, వెనకే గొడుగు పట్టుకున్న బంట్రోతు. కొలంబోలో కొట్టు నడిపే చెట్టియారు ఒకాయన చేతిసంచి వదలకుండా ఓడ మెట్ల వైపు నడుస్తాడు. వాళ్లకు దూరంగా, గుంపుగా, మూటలతో నేల మీద కూర్చున్నవాళ్లున్నారు. తేయాకు తోటల్లో పనికి పోయే కూలీలు. వాళ్లు ఇక్కడికి నేరుగా రాలేదు. మండపం క్యాంపులో ఉంచి, డాక్టర్లు చూసి, రోగం రొష్టు లేదని తేలాకే ఇటు పంపారు. యాత్రికులు మాత్రం ఓడ వైపు చూడరు. సముద్రం వైపు నడుస్తారు, స్నానానికీ ఇసుకకీ.

ఓడ కూత వేస్తుంది. బండి ఖాళీ అవుతుంది. సాయంత్రానికి అటునుంచి వచ్చేవాళ్లతో మళ్లీ నిండుతుంది. ఏ విశేషమూ లేని రోజు. ధనుష్కోటి రైలుకు అలాంటి రోజులు యాభయ్యేళ్ల పాటు గడిచాయి.

ఈ ఫొటో వెనక ఏమీ రాసి లేదు. తేదీ లేదు, తీసినవాడి పేరు లేదు. అయినా ఇది ఎప్పటిదో కొంతవరకు పట్టుకోవచ్చు. మొదట ఓడ పేరు చదవండి. తొలిరోజుల్లో ఇక్కడ తిరిగిన స్టీమర్లకు కర్జన్, ఎల్గిన్, హార్డింజ్ అని వైస్రాయిల పేర్లే పెట్టారు. తర్వాత ఇర్విన్, గోషెన్ వచ్చాయి. ఇర్విన్ వైస్రాయిగా వచ్చింది 1926లో. కాబట్టి ముక్కు మీద ఇర్విన్ అని కనిపిస్తే ఆ ఫొటో అంతకుముందుది అయ్యే వీల్లేదు. తర్వాత రైలు పెట్టె పక్క చూడండి. సౌత్ ఇండియన్ రైల్వే పొడి అక్షరాలుంటే 1951కి ముందుదని చెప్పొచ్చు. ఆ ఏడాది ఏప్రిల్ 14న సౌత్ ఇండియన్, మద్రాస్ సదరన్ మరాఠా, మైసూరు రైల్వేలను కలిపి సదరన్ రైల్వే చేశారు. పెట్టెలన్నిటికీ ఒకేరోజు రంగు వేయరు గనుక ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదలాలి. స్టేషను పేరు బోర్డు మీద హిందీ ఉంటే స్వాతంత్ర్యం తర్వాతిదేనని దాదాపు ఖాయం. చివరగా నీడలు. ఈ ఇసుక నాలుక ఎటు సాగుతుందో తెలుసు కాబట్టి నీడ ఏ వైపు పడిందో చూస్తే పొద్దుటిదో సాయంత్రానిదో తేలుతుంది. ఇదంతా ఫొటోలోనే ఉంది. చిత్రమేమిటంటే, ఫొటోని అందంగా చేద్దామని అంచులు కత్తిరించినప్పుడు మొదట పోయేవి ఇవే. ఓడ ముక్కు, బోర్డు కొస, పెట్టె మీది అక్షరాలు.

గవ్వల పాకలో ఒక అట్ట మీద నాలుగైదు పాత ఫొటోలు లామినేషన్ చేసి వేలాడదీశారు. ఉప్పుగాలికి ప్లాస్టిక్ అంచులు విడిపోయి, లోపల తేమ చేరి, బొమ్మలు గోధుమ రంగుకు తిరిగాయి. దుకాణం నడిపే ఆవిడ మీరు చూడటం గమనించి, కర్ర ముక్కతో ఒక్కొక్కటీ చూపిస్తూ తమిళంలో చెప్పడం మొదలుపెడుతుంది. స్టేషన్, చర్చి, పోస్టాఫీసు, పళ్లిక్కూడం, అంటే బడి. ఆమె చెప్పేదాంట్లో సగం మీకు అర్థం కాదు, అయినా ఎక్కడికొచ్చేసరికి గొంతు మారుతుందో తెలుస్తుంది. డిసెంబర్ ఇరుబత్తిరెండు.

ఆ రాత్రి గురించి అందరికీ ఎంతోకొంత తెలుసు. 1964 డిసెంబరు 22. అండమాన్ సముద్రంలో పుట్టిన వాయుగుండం తుపానై ఇటు వచ్చింది. రాత్రి 11.55కి పాంబన్‌లో బయల్దేరిన 653 నంబరు పాసింజరు ధనుష్కోటికి కాస్త దూరంలో ఉండగా ఉప్పెన వచ్చి పడింది. లెక్కలో ఉన్న 110 మంది ప్రయాణికులు, అయిదుగురు సిబ్బంది, మొత్తం బండి పోయింది. టికెట్ లేకుండా ఎక్కినవాళ్లు ఇంకా ఉండొచ్చని అంటారు. ఊరు తుడిచిపెట్టుకుపోయింది. ఆ తుపానుకు రామేశ్వరంలో చిక్కుకుపోయిన వాళ్లలో మన సావిత్రి, జెమినీ గణేశన్ కూడా ఉన్నారు. తర్వాత మద్రాసు ప్రభుత్వం ధనుష్కోటి ఇక నివాసయోగ్యం కాదని ప్రకటించింది.

సెల్‌ఫోన్లలో తిరిగే ఫొటోల్లో ఒకటి మీకు ఎప్పుడో వచ్చే ఉంటుంది. నీళ్లలో మునుగుతున్న రైలు, కింద ధనుష్కోటి అని పేరు. అర్ధరాత్రి, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి, మనిషిని నిలబడనివ్వని గాలి. బండిలో ఉన్నవారెవరూ బయటపడలేదు. ఆ క్షణాన్ని ఎవరు తీశారు? ఎలా తీశారు? ఇంతమాత్రం అడిగితే చాలు, ఆ ఫొటో ఇక్కడిది కాదని తెలిసిపోతుంది. అయినా అది తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే జనానికి ఈ రైలు చచ్చిన రాత్రి కావాలి. బతికిన యాభయ్యేళ్లు ఎవరికీ అక్కర్లేదు. దెయ్యాల ఊరు అని పేరు పెట్టేశాక, ఆ ఊళ్లో రోజూ పొద్దున్నే టికెట్లు అమ్మిన గుమాస్తా, సిగ్నల్ దీపానికి నూనె పోసినవాడు, పిల్లల్ని బడికి పంపిన తల్లి అందరూ దెయ్యాల కథలో పాత్రలైపోయారు. రేవు ఫొటో విలువంతా ఇక్కడుంది. అందులో ఎవరూ చావడం లేదు. అందరూ ఏదో పని మీద ఉన్నారు.

కవరులో మూడో ఫొటో ఉప్పెన తర్వాతిది. పాంబన్ వంతెన, కానీ వంతెన లేదు. సముద్రంలో స్తంభాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి, వాటి నెత్తిన ఏమీ లేదు. 126 గర్డర్లు కొట్టుకుపోయాయి. నడుమ ఉన్న షెర్జర్ రెక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. మొదటి ఫొటోనీ దీన్నీ పక్కపక్కన పెట్టండి, రెండూ ఒకే వంతెన అని నమ్మడానికి ఆ రెక్కలే సాక్ష్యం. దీన్ని మళ్లీ నిలబెట్టే పని ముప్పై రెండేళ్ల ఇంజనీరు చేతిలో పెట్టారు. ఆరు నెలలు పడుతుందనుకున్నారు. సముద్రంలో పడిపోయిన గర్డర్లను జాలర్ల సాయంతో వెతికి, పైకి తీయించి, మళ్లీ స్తంభాల మీదికి ఎక్కించి, 46 రోజుల్లో రైలు నడిపించాడు. ఆయన తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్. చదివింది మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో.

వంతెన లేచింది గానీ, దాని అవతల ధనుష్కోటి లైను మళ్లీ లేవలేదు. రామేశ్వరమే ఆఖరి స్టేషనైంది. ఓడ కూడా అక్కణ్ణించే తలైమన్నార్‌కి నడిచింది. శ్రీలంకలో అంతర్యుద్ధం ముదిరాక 1984లో అదీ ఆగిపోయింది. అవతలి ఒడ్డున తలైమన్నార్ లైను యుద్ధంలో నాశనమై, 2015 మార్చిలో మళ్లీ తెరుచుకుంది. ఇవతల 2019 మార్చిలో ధనుష్కోటి లైనుకు మళ్లీ శంకుస్థాపన చేశారు, పట్టాలు పడలేదు.

మధ్యాహ్నం దాటింది. గోడ నీడలో కూర్చుని కవరులో చివరిది తీస్తారు. ఇది ఏ కంపెనీ ఫొటోగ్రాఫరూ తీసింది కాదు. మన ఇళ్లలో ఇనప్పెట్టెల అడుగున దొరికే రకం. ఒక తెలుగు కుటుంబం రైలు పెట్టె ముందు నిలబడి ఉంది. పెద్దాయన పంచెకట్టు, మెడలో ఉత్తరీయం. పక్కన తొమ్మిది గజాల చీరలో పెద్దావిడ, చేతిలో మరచెంబు. వెనక హోల్డాల్ చుట్ట మీద కూర్చున్న పిల్లాడు. కోడలు కాబోలు, చంకలో చంటిది, ముఖం సగం పక్కకు తిప్పుకుంది. చంటిది కదిలింది, ముఖం మసకగా వచ్చింది. కొసన బోర్డు సగం తెగి ఆఖరి అక్షరాలే కనిపిస్తున్నాయి. పెట్టె మీద ఒక అక్షరం మొదలు, అది సౌత్‌లో మొదటిది. నీడలు పొట్టిగా ఉన్నాయి, పొద్దు నడినెత్తికి దగ్గరగా ఉంది.

తిప్పి చూస్తే వెనక ఖాళీ. మద్రాసులోని ఒక స్టూడియో ముద్ర తప్ప ఇంకేమీ లేదు. ఎవరు వీళ్లు? ఏ ఊరు? కాశీ వెళ్లి వచ్చారా, వెళ్లబోతున్నారా? మరచెంబులో ఉన్నది గంగా, మంచినీళ్లా? ఈ ప్రశ్నలకు జవాబు ఓడల పేర్లతోనూ రైల్వే చరిత్రతోనూ దొరకదు. ఆ చంటిది ఇప్పుడుంటే డెబ్బయ్యయిదు దాటిన మనిషి. ఆమెకు ఆ రోజు గుర్తుండదు, కానీ తల్లి చెప్పినవి గుర్తుండొచ్చు. ఇంటి చావడిలో ఎవరైనా ఈ ఫొటో చేతికిచ్చి అడిగితే, "ఇది మా పెద్ద మేనత్త, ఆ ఏడే పోయింది" అని మొదలుపెట్టి గంట చెప్తుంది. అడక్కపోతే ఆ గంట ఆమెతోనే పోతుంది, మిగిలేది పాత ఫొటో.

తిరుగు ప్రయాణంలో తిరుచిరాపల్లిలో దిగి ఒక పూట ఉండండి. సౌత్ ఇండియన్ రైల్వేకి కేంద్రం ఈ ఊరే. రైల్వే వాళ్లు 2014లో తెరిచిన వారసత్వ ప్రదర్శనశాల ఇక్కడుంది. చేతి లాంతర్లు, గంటలు, పాత కాగితాలు, ఫొటోలు. రైల్వే దాచింది రైల్వే కళ్లతో చూసింది. ఇంజన్లు, వంతెనలు, ఆఫీసర్లు. అది వాళ్ల పని, వాళ్లు చేశారు. రైలెక్కినవాళ్ల వైపునుంచి తీసిన ఫొటోలు మాత్రం అక్కడ ఉండవు. అవి తెనాలిలో, ఒంగోలులో, వరంగల్‌లో, మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో, అట్టపెట్టెల్లో, పెళ్లి ఆల్బమ్‌ల వెనక పేజీల్లో ఉన్నాయి. ధనుష్కోటి లైను చరిత్రలో సగం మన అటకల మీదే ఉంది.

అందుకని ఇంటికి చేరాక చేయాల్సింది ఇదీ. పెట్టె దించి ఫొటోలు బయటికి తీయండి. పాత నలుపు తెలుపు ఫొటోల్లో బొమ్మ అంటే కాగితం మీద జిగురు పొరలో నిలిచిన వెండి. తేమకూ మసి గాలికీ ఆ వెండి కదిలి పైకి వస్తుంది. పక్కకు వంచి చూస్తే నల్లటి చోట్ల నీలంగా అద్దంలా తళుక్కుమనేది అదే. దాన్ని గుడ్డతో రుద్దకూడదు. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని గీకి ఊడదీయకూడదు, పొర అద్దంతో వచ్చేస్తుంది. అద్దంతో సహా అలాగే పైనుంచి ఫొటో తీసుకోవాలి. లామినేషన్ అసలు వద్దు, ఒకసారి చేస్తే తిరిగి విప్పే దారి లేదు. స్కాన్ చేసేటప్పుడు అంచుల దాకా, చిరిగిన మూలలతో సహా, 600 డీపీఐ తగ్గకుండా తీయండి. ఆరుకు నాలుగు అంగుళాల ఫొటో అయితే 3600కి 2400 చుక్కలొస్తాయి, పెట్టె మీది అక్షరం చదవడానికి అది చాలు. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, పెన్సిలు గీత, తపాలా బిళ్ల, అన్నీ సాక్ష్యమే.

ఆ స్కాన్‌ని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మరమ్మతులు చేయాలనిపిస్తే ఇంకో నకలు మీద చేసుకోండి. ఇప్పుడు ఫోన్లో ఒక మీట నొక్కితే పాత ఫొటోకి రంగులొస్తాయి, మసక ముఖాలు తేటపడతాయి. ఆ రంగు ఆనాటిది కాదు, యంత్రం ఊహించింది. పెద్దావిడ చీర ఆకుపచ్చో వంగపండో దానికి తెలీదు. మసకగా ఉన్న చంటిదానికి అది పెట్టే కళ్లు ఆ చంటిదాని కళ్లు కావు. సగం కనిపించే బోర్డు మీది అక్షరాలను ఏ భాషలోనూ లేని గీతలుగా మార్చేస్తుంది. రేపు ఆ రంగుల బొమ్మే అసలుదని తిరగడం మొదలవుతుంది, మునుగుతున్న రైలు తిరిగినట్టే.

ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఫొటో చూపించండి. ఫోన్లో రికార్డింగ్ పెట్టి పక్కన ఉంచండి. "ఇదేమిటి" అని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వేలు పెట్టి అడగండి. ఈవిడెవరు? ఈ చెంబు ఇప్పుడెవరి దగ్గరుంది? ఎగ్మూరు దాకా ఎలా పోయారు? దారిలో ఏం తిన్నారు? ఓడను చూశారా, ఎక్కారా? ఇసుక ఎందులో తెచ్చారు? తెలీదంటే తెలీదనే రాయండి, ఊహించి రాయకండి. పేర్లు ఎడమనుంచి కుడికి, ఊరు, సుమారు సంవత్సరం, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. ఇవన్నీ ఫొటో వెనక అంచున మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా రాయాలి. బాల్ పెన్ను ముందువైపుకు గాడి వేస్తుంది, సిరా పెన్ను కాగితంలోంచి దిగుతుంది. ప్లాస్టిక్ జిగురు ఆల్బమ్‌లో కాక మామూలు కాగితపు కవర్లో వేసి, వంటింటికీ స్నానాలగదికీ దూరంగా, గాలాడే బీరువాలో పెట్టండి. ఒక నకలు ఇంకో ఊళ్లో ఉన్న చుట్టాలింట్లో ఉండాలి. ఉప్పెన ధనుష్కోటికే వస్తుందని రాసిపెట్టి లేదు.

ఒక ఇంటి ఫొటోతో ఏం చరిత్ర తెలుస్తుందని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. వంతెన లెక్కలు రైల్వే దగ్గరున్నాయి, తుపాను లెక్కలు వాతావరణశాఖ దగ్గరున్నాయి. బెజవాడ నుంచి బయల్దేరిన ఒక ముసలావిడ సెంట్రల్‌లో దిగి ఎగ్మూరుకు జట్కాలో ఎంతిచ్చి పోయిందో, మీటర్ గేజ్ పెట్టెలో ఎక్కడ కూర్చుందో, ధనుష్కోటి రేవులో సిలోన్ పోయే కూలీల గుంపును చూసి ఏమనుకుందో ఏ శాఖ దగ్గరా లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇంకా కొందరున్నారు. రోజూ కొందరు తగ్గుతున్నారు. పెట్టె ఇవాళే దించండి.